పోలీసు శాఖ గురించి వికీపీడియాలో రాసేటప్పుడు ముందు కర్త ఎవరో చూసుకోండి

మీ ప్రశ్న చదివాను. విజయనగరం పోలీసుల గురించి తెలుగు వికీపీడియాలో వారం రోజులు కూర్చుని ఆరు పేరాలు రాశారు. మర్నాటికల్లా నాలుగు పోయాయి. తీసేసినవారు, మార్పుకు కారణం చెప్పే దిద్దుబాటు సారాంశంలో "ప్రచార ధోరణి, మూలాలు లేవు" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. మీరు మళ్లీ పెట్టారు, వారు మళ్లీ తీశారు. మీ మామగారు ఆ శాఖలోనే హెడ్ కానిస్టేబులుగా పదవీ విరమణ చేశారు కాబట్టి మీరు రాసింది కళ్లారా చూసినవారి మాట, దాన్ని కాదనడానికి ముక్కూ ముఖం తెలియని వారెవరని మీ బాధ.

నేను పద్నాలుగేళ్లుగా వికీపీడియాలో రాస్తున్నాను, దిద్దుతున్నాను. నా రాతలూ ఇలాగే పోయాయి. ఉండేది విజయనగరం కంటోన్మెంటు వైపే కాబట్టి మీరు చెప్పే ఠాణాలు, మైదానాలు రోజూ కంటబడేవే.

ముందు ఒక పని చేయండి: మూడోసారి మళ్లీ పెట్టకండి. ఇరవై నాలుగు గంటల్లో మూడుసార్లకు మించి ఎదుటివారి మార్పును తిరగ్గొడితే రాసింది నిజమైనా మీ ఖాతా మీదే నిరోధం పడుతుంది, అంటే ఇక రాయనివ్వరు. మీ పేరాలు ఎక్కడికీ పోలేదు. వ్యాసం పైన "చరిత్ర" అన్నచోట నొక్కితే మీ కూర్పు అక్షరం పొల్లుపోకుండా కనిపిస్తుంది. దాన్ని మీ ప్రయోగశాల పేజీలోకి, అంటే చిత్తుప్రతులు రాసుకునే మీ సొంత పేజీలోకి తెచ్చుకుని అక్కడ బాగుచేసుకోండి.

ఇక అసలు విషయం. మీ మొదటి వాక్యం ఇది: "విజయనగరం జిల్లా పోలీసు యంత్రాంగం అహర్నిశలు శ్రమిస్తూ, ప్రజల మన్ననలు పొందుతూ, నేరాలను గణనీయంగా అదుపులోకి తెచ్చింది." వాక్యం చక్కగానే ఉంది, వార్షిక నివేదిక ముందుమాటలో అయితే ఎవరూ వేలెత్తి చూపరు. ఇక్కడ మాత్రం ప్రతి ముక్కా ఒక ప్రశ్న లేపుతుంది. మన్ననలు పొందారని ఎవరు చెప్పారు? గణనీయంగా అంటే ఏ ఏడాదితో పోల్చి? అహర్నిశలు అన్నది వర్ణన, సమాచారం కాదు. ఈ మూడూ తీసేస్తే వాక్యంలో మిగిలేది "విజయనగరం జిల్లా పోలీసు యంత్రాంగం" అనే కర్త ఒక్కటే. అందుకే తీసేశారు. మీ మీద కోపంతో కాదు.

పోలీసుల వ్యాసాల్లో వచ్చే తగువుల్లో సగానికి పైగా ఏం జరిగిందన్న దాని మీద కావు. ఆ మాట ఎవరన్నారన్న దాని మీద. ఇందులో తెలుగుకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మన భాషలో కర్త లేకుండానే వాక్యం హాయిగా నడిచిపోతుంది. "కర్ఫ్యూ విధించారు." "రాళ్లు రువ్వారు." "లాఠీచార్జి చేశారు." "కేసు పెట్టారు." వీధి అరుగు మీద కూర్చుని చెప్పుకునేటప్పుడు ఎవరో అందరికీ తెలుసు. పదేళ్ల తరువాత కర్నూలులో కూర్చుని చదివే పిల్లవాడికి తెలియదు. మీరు రాసిన ప్రతి క్రియాపదం ముందు వేలు పెట్టి "ఎవరు?" అని అడగండి. జవాబు దొరకకపోతే ఆ వాక్యం ఇంకా సిద్ధం కాలేదన్నమాట.

ఉదాహరణకు మీరు రాసినదే తీసుకుందాం. 2013 అక్టోబరులో సమైక్యాంధ్ర ఆందోళనల సమయంలో మన పట్టణంలో కర్ఫ్యూ ఉన్న మాట నిజం. ఆ రోజుల్లో పాల ప్యాకెట్టు కోసం సడలింపు వేళ దాకా కాచుకున్నవాళ్లం, ఎవరూ చెప్పనక్కరలేదు. కానీ మీరు "ఎస్పీ 144 సెక్షన్ విధించారు" అని రాశారు. ఎస్పీకి ఆ అధికారం లేదు. పోలీసు కమిషనరేట్ లేని జిల్లాలో నిషేధాజ్ఞలు ఇచ్చేది కార్యనిర్వాహక మెజిస్ట్రేట్లు, అంటే కలెక్టర్, ఆర్డీఓ, తహసీల్దార్ వంటివారు. వాటిని అమలు చేసేది పోలీసులు. విశాఖపట్నంలో అయితే కథ వేరు, అక్కడ పోలీసు కమిషనర్ ఉన్నారు, కమిషనర్‌కు మెజిస్ట్రేట్ అధికారాలు కూడా ఉంటాయి. ఇంకో మాట: 2024 జులై 1 నుంచి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది, పాత 144 అక్కడ 163 అయింది. 2013 నాటి సంఘటనకు 144 అనే రాయాలి, ఈ మధ్య సంఘటనకు 163. పత్రికలు అలవాటు కొద్దీ ఇంకా 144 అంటూనే ఉన్నాయి, అది చూసి మోసపోకండి.

ఇంతకీ ఈ తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మీరు అమెరికా నగరాల పోలీసు శాఖల మీద ఇంగ్లీషులో ఉన్న వ్యాసాలను నమూనాగా పెట్టుకున్నారు. వ్యాసం పేరే "విజయనగరం నగర పోలీసు శాఖ" అని పెట్టారు. న్యూయార్క్ వంటి చోట్ల పోలీసు శాఖ నగర పాలనకు చెందింది, అక్కడి పోలీసు కమిషనర్‌ను మేయర్ నియమిస్తారు. మన రాజ్యాంగం ఏడో షెడ్యూలులో పోలీసు రాష్ట్ర జాబితాలో రెండో అంశం. మన నగరపాలక సంస్థకు పోలీసుల మీద పెత్తనం లేదు, జీతం ఇచ్చేదీ వారు కాదు. విజయనగరంలో "కమిషనర్ గారు వచ్చారు" అంటే చెత్తబండ్లు సరిగ్గా తిరుగుతున్నాయో లేదో చూడడానికి మున్సిపల్ కమిషనర్ వచ్చారని అర్థం! కాబట్టి "నగర పోలీసు శాఖ" అనేది ఇక్కడ లేదు. ఉన్నది జిల్లా పోలీసు. దానికి అధిపతి ఎస్పీ, పైన విశాఖపట్నం రేంజి డీఐజీ, కింద అదనపు ఎస్పీలు, సబ్ డివిజన్‌కు డీఎస్పీ, సర్కిల్‌కు సీఐ, ఠాణాకు స్టేషన్ హౌస్ ఆఫీసర్. పట్టణంలో వన్ టౌన్, టూ టౌన్, రూరల్ ఠాణాలు ఆ అంచెలో భాగాలే. వ్యాసం పేరు మార్చడానికి, రాసేవాళ్లు మాట్లాడుకునే దాని చర్చ పేజీలో అడగండి, ఎవరూ అడ్డు చెప్పరు.

అదే ఊపులో మీరు చింతలవలసలోని ఏపీఎస్పీ ఐదో బెటాలియన్‌ను, కంటోన్మెంటులోని పోలీసు శిక్షణ కళాశాలను కూడా జిల్లా పోలీసుల ఖాతాలో వేశారు. ఖాకీ బట్టలు ఒకటే కావచ్చు, పాలన ఒకటి కాదు. బెటాలియన్‌కు కమాండెంట్ ఉంటారు, అది రాష్ట్ర స్థాయి ప్రత్యేక పోలీసు విభాగం. కళాశాల శిక్షణ విభాగానిది. రైల్వే స్టేషన్‌లో ఉండే వారిలోనూ రెండు రకాలు: ప్రభుత్వ రైల్వే పోలీసులు రాష్ట్రం వారు, రైల్వే రక్షక దళం కేంద్రం వారిది. వీటిని "జిల్లాలోని ఇతర పోలీసు సంస్థలు" అన్న చిన్న విభాగంలో పెట్టి, వాటి సొంత వ్యాసాలకు లంకె ఇస్తే సరిపోతుంది.

చరిత్ర విభాగం దగ్గర కాస్త ఓపిక పట్టండి, అసలు పని అక్కడే ఉంది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది. అంతకుముందు బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు, చీపురుపల్లి తాలూకాలు శ్రీకాకుళం జిల్లాలో ఉండేవి. ఆ శ్రీకాకుళం జిల్లా కూడా 1950 ఆగస్టు 15న విశాఖపట్నం నుంచి విడివడినదే. మళ్లీ 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది, పాలకొండ శ్రీకాకుళం నుంచి అందులోకి వెళ్లింది, రాజాం శ్రీకాకుళం నుంచి మన జిల్లాలోకి వచ్చింది. ఇప్పుడు చెప్పండి, 1967 అక్టోబరు 31న లేవిడిలో గిరిజనుల మీద భూస్వాముల వర్గం కాల్పులు జరిపిన సంఘటన ఏ జిల్లా వ్యాసంలో ఉండాలి? జరిగిన నాటికి అది శ్రీకాకుళం. 1979 తరువాత విజయనగరం. ఇప్పుడు మన్యం. మూడు వ్యాసాల్లోనూ ఎవరికి వారు దాన్ని పెట్టుకున్నా, మూడు చోట్లా తీసేసినా చదివేవారికి గందరగోళమే. నేనైతే సంఘటన నాటి జిల్లా పేరు రాసి, పక్కనే "ప్రస్తుతం పార్వతీపురం మన్యం జిల్లా" అని రాస్తాను. రాజాం ఠాణాకు కూడా ఇదే పద్ధతి: 2022 ఏప్రిల్‌కు ముందు వచ్చిన ఏ వార్త చూసినా శ్రీకాకుళం జిల్లా అనే ఉంటుంది, అది తప్పు కాదు, దిద్దకండి.

జిల్లా 1979లో వచ్చింది కాబట్టి జిల్లా పోలీసు కార్యాలయం కూడా అదే రోజున మొదలైందని మీరు రాశారు. అయ్యుండవచ్చు. కానీ "అయ్యుండాలి" అనుకుని రాయడాన్నే అక్కడ మౌలిక పరిశోధన అంటారు, అది నిషిద్ధం. కార్యాలయానికి సొంతంగా ఒక ఆధారం కావాలి.

ఇప్పుడు క్రియాపదాల దగ్గరకు మళ్లీ వస్తాను, ఎందుకంటే విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు చరిత్ర రాసేవారు ఎవరైనా నక్సలైట్లు నడిపిన శ్రీకాకుళం గిరిజన ఉద్యమాన్ని దాటలేరు. 1970 జులై 10న ఆ ఉద్యమ నాయకులు వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం మరణించారు. ఈ వాక్యంలో "మరణించారు" అన్న మాట చూడండి. దాని స్థానంలో "హతమయ్యారు" అంటే ఒక వాసన, "మట్టుబెట్టారు" అంటే ఇంకొకటి, "అమరులయ్యారు" అంటే మరొకటి, "నేలకొరిగారు" అంటే పద్యం. తెలుగు పత్రికలు ఈ నాలుగింటినీ వాడాయి, ఏ పత్రిక ఏది వాడిందో చూస్తే అది ఏ గట్టున నిలబడి ఉందో తెలిసిపోతుంది. మనం ఏ గట్టునా లేము. కాబట్టి చప్పగా ఉన్నా "మరణించారు". ఆ తరువాత రెండు వాక్యాలు: ఎదురుకాల్పుల్లో మరణించారని పోలీసులు చెప్పారు, పట్టుకుని కాల్చి చంపారని ఉద్యమ పక్షం చెప్పింది. రెండింటికీ కర్త ఉంది, రెండింటి పక్కనా మూలం ఉంటుంది. "ఎదురుకాల్పులు" అన్న మాటను కర్త లేకుండా వ్యాసం గొంతుతో రాస్తే మీరు ఒక పక్షం చేరినట్టే. "బూటకపు ఎన్‌కౌంటర్" అని రాసినా అంతే.

చివరికి "అన్నారు" అన్న చిన్న మాట దగ్గర కూడా జాగ్రత్త కావాలి. పోలీసులు "స్పష్టం చేశారు", బాధితుల బంధువులు "వాపోయారు" అని మీ వ్యాసంలో ఉంది. స్పష్టం చేశారంటే అది నిజమని మీరు ఒప్పుకున్నట్టు, వాపోయారంటే వట్టి ఏడుపు అన్నట్టు. ఇద్దరికీ "చెప్పారు" అనే రాయండి.

మాట మార్చడం ఎంత దూరం పోతుందో న్యూయార్క్ చూపించింది. 2014 జులైలో ఎరిక్ గార్నర్ అనే వ్యక్తి అక్కడి పోలీసులు పట్టుకునే క్రమంలో చనిపోయారు. మరుసటి సంవత్సరం మార్చిలో అక్కడి పత్రికలవారు ఒక సంగతి బయటపెట్టారు: ఆ పోలీసు ప్రధాన కార్యాలయం నెట్‌వర్క్ చిరునామాల నుంచే ఆ మరణం గురించిన వికీపీడియా వ్యాసంలో మార్పులు జరిగాయి. మొత్తం వ్యాసం చెరిపేయలేదు. గొంతు నొక్కిన పట్టును చెప్పే మాటల వంటివి అక్కడక్కడ మెత్తబరిచారు, అంతే. అప్పట్లో ఖాతా లేకుండా దిద్దితే చరిత్ర పేజీలో ఐపీ చిరునామా పడేది, ఆ సంగతి వారికి తట్టినట్టు లేదు. ఆ వార్త చదివిన తరువాత వ్యాసంలో ఏమున్నా జనం నమ్మరు. మీ మామగారి పాత శాఖకు ఆ పరిస్థితి తేవాలని మీకు లేదని నాకు తెలుసు, అందుకే చెబుతున్నాను.

మీ మామగారి సంగతి. మీకూ ఆ శాఖకూ ఉన్న సంబంధాన్ని చర్చ పేజీలో ఒక వాక్యంలో చెప్పేయండి. దీన్ని ప్రయోజన వైరుధ్యం అంటారు, అదేమీ నేరం కాదు, దాచడమే చిక్కు. శాఖ పేరుతో ఖాతా మాత్రం తెరవకండి. ఒక ఖాతా ఒక మనిషిది, సంస్థది కాదు. ఆయన జ్ఞాపకం మూలంగా పనికిరాదు, దారి చూపడానికి మాత్రం దానికి మించినది లేదు. మా వీధిలో ఒక విశ్రాంత ఎస్సై గారు ఉండేవారు. ఒక అవుట్‌పోస్టు ఏ ఏడాది మొదలైందో నెలతో సహా చెప్పారు, ప్రారంభోత్సవానికి షామియానా తానే దగ్గరుండి వేయించానన్నారు. ఆ మాట పట్టుకుని గ్రంథాలయంలో పాత పత్రికల కట్టలు విప్పించాను. మూడు మధ్యాహ్నాలు తుమ్ములు, మసి చేతులు. వార్త దొరికింది, ఆయన చెప్పిన నెలే. ఏడాది మాత్రం ఆయన చెప్పినదానికి నాలుగేళ్ల తరువాతది. ఫోటోలో షామియానా కూడా ఉంది. ఆయనకు చూపిస్తే చాలాసేపు చూసి, "పత్రికవాడు తప్పు వేశాడు" అన్నారు.

ఆధారాల కోసం ఎక్కడ చూడాలంటే, సమాచార హక్కు చట్టం 2005లోని నాలుగో సెక్షన్ కింద ప్రతి కార్యాలయం పదిహేడు అంశాలను తనంత తానే ప్రకటించాలి. సంస్థ నిర్మాణం, అధికారుల విధులు అందులోనే ఉంటాయి. ఠాణాల జాబితాకు, అంచెల వివరానికి అది చాలు. "మన్ననలు పొందింది" వంటి వాటికి అది చాలదు, ఎందుకంటే తన గురించి తాను చెప్పుకున్నది. మీరు దరఖాస్తు పెట్టి ఇంటికి తెప్పించుకున్న జవాబు ఉత్తరం మాత్రం వాడలేరు, ఇతరులు చూడగలిగేలా ప్రచురితం కాలేదు కాబట్టి. పాత కాలానికి 1907 నాటి విశాఖపట్నం జిల్లా గెజిటీర్ ఉంది, అప్పటి దొరల చూపు అందులో ఉంటుందన్న ఎరుకతో వాడండి.

నేరాల అంకెలకు జాతీయ నేర నమోదు సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) వారు వార్షిక నివేదికతో పాటు ఇచ్చే జిల్లాల వారీ పట్టికలు ఉంటాయి. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. ఒకే ఎఫ్ఐఆర్‌లో హత్య, దొంగతనం రెండూ ఉంటే ఆ పట్టికలో పెద్ద నేరం ఒక్కటే లెక్కకు వస్తుంది. పైగా అవి నమోదైన కేసులు, జరిగిన నేరాలు కావు. ఠాణాలో ఫిర్యాదు సులువుగా తీసుకోవడం మొదలుపెట్టిన ఏడాది అంకె పెరుగుతుంది, అది మంచి సూచన కూడా కావచ్చు. "నేరాలు తగ్గాయి" అని రాయకండి, "నమోదైన కేసులు ఇన్ని" అని, ఏ ఏడాది నివేదికో చెప్పి రాయండి. 2022కు అటూ ఇటూ ఉన్న అంకెలను పోల్చనే పోల్చకండి, జిల్లా సరిహద్దే మారిపోయింది.

ఎస్పీల పేర్ల పట్టిక కూడా పెట్టారు, ఫోటోలతో సహా. నేనూ మొదట్లో ఒక వ్యాసంలో అదే చేశాను, అధికారి బదిలీ అయి కొత్తవారు వచ్చి వారూ వెళ్లిపోయాక కూడా పాత పేరు అలాగే ఉండిపోయింది. వ్యాసం పక్కన వచ్చే సమాచారపెట్టెలో ప్రస్తుత అధిపతి పేరు ఒక్కటి, ఏ తేదీ నాటికో చెప్పి పెడితే చాలు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం బందోబస్తుకు ఈ ఏడాది ఎంతమంది వచ్చారన్నది కూడా తీసేయండి. వచ్చే ఏడు దసరా తరువాతి మంగళవారానికి మళ్లీ కొత్త అంకె వస్తుంది.

వివాదాల ఊసే ఎత్తలేదు మీరు. శ్రీకాకుళం వ్యాసం కూడా మీరే చేస్తానన్నారు కాబట్టి చెబుతున్నాను, 2010 జులై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో థర్మల్ విద్యుత్ కేంద్రాల వ్యతిరేక ఆందోళనల మీద జరిగిన పోలీసు కాల్పులను దాటేసి ఆ జిల్లా పోలీసు వ్యాసం రాస్తే అది నిలబడదు. అలాగని వ్యాసమంతా అవే నిండితే అదీ వ్యాసం కాదు. ఒక్కో దానికి నాలుగైదు వాక్యాలు, ఎవరేమన్నారో, తరువాత ఏమైందో. విడిగా "వివాదాలు" అనే గంప పెట్టి అన్నీ అందులో పోయకుండా చరిత్ర క్రమంలోనే కలపడం నా అలవాటు.

ఒక్క విషయంలో మాత్రం ఎవరితోనూ చర్చకు కూర్చోకండి. అరెస్టయినవారు నిందితులు, కోర్టు తీర్పు వచ్చాకే దోషులు. మీ వ్యాసంలో ఒకచోట "దొంగను పట్టుకున్నారు" అని ఒక మామూలు మనిషి పేరుతో సహా ఉంది. ఆ పేరు ఈ రాత్రే తీసేయండి, ప్రయోగశాల నుంచి కూడా. ఎఫ్ఐఆర్ ఇంటర్నెట్‌లో దొరుకుతోంది కదా అనకండి. సున్నితమైనవి మినహా ఎఫ్ఐఆర్‌లను ఇరవై నాలుగు గంటల్లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది నిజమే, కానీ అది ఫిర్యాదు మాత్రమే. లైంగిక నేరాల్లో బాధితుల పేరు బయటపెట్టడం చట్టరీత్యా నేరం, పాత శిక్షాస్మృతిలో 228ఎ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 72. 2024 సెప్టెంబరులో కోల్‌కతా వైద్యురాలి అత్యాచారం, హత్య కేసులో బాధితురాలి పేరు తీసేయమని సుప్రీంకోర్టు వికీపీడియానే ఆదేశించింది.

బొమ్మల సంగతి రెండు మాటల్లో చెబుతాను. శాఖ చిహ్నాన్ని వెబ్‌సైటు నుంచి తీసి ఎక్కించకండి. మన దగ్గర ప్రభుత్వ రచనలకూ 60 ఏళ్లు కాపీహక్కు ఉంటుంది. పత్రికా ప్రకటనను ఉన్నదున్నట్టు అతికించడమూ అందుకే కుదరదు. ఠాణా భవనం ఫోటో రోడ్డు మీద నుంచి మీరే తీసుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. అయినా లోపలికి వెళ్లి ఎస్సై గారికి ఒక మాట చెప్పి తీయండి, లేకపోతే ఎందుకు తీస్తున్నావని అడిగే కానిస్టేబులుకు వికీపీడియా అంటే ఏమిటో ఎండలో నిలబడి వివరించాల్సి వస్తుంది. నాకు ముప్పావు గంట పట్టింది, చివరికి ఆయన తన స్వగ్రామం గురించి వ్యాసం ఉందా అని అడిగారు.

మీ మొదటి పేరా ఇలా మొదలుపెట్టి చూడండి: "విజయనగరం జిల్లా పోలీసు, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో విజయనగరం జిల్లా పరిధిలో శాంతిభద్రతలు, నేర దర్యాప్తు చూసే విభాగం. దీనికి సూపరింటెండెంట్ ఆఫ్ పోలీస్ అధిపతి. ఇది విశాఖపట్నం రేంజిలో భాగం." మూడే వాక్యాలు. దీని వెనక మూలాలు పెట్టి, మిగతాది ప్రయోగశాలలో ఉంచి, చర్చ పేజీలో తీసేసిన ఆ సభ్యుడిని పేరుపెట్టి పిలిచి "ఇలా అయితే ఏమంటారు?" అని అడగండి. రెండు మూడు రోజులు ఆగండి, అందరూ ఉద్యోగాలు చేసుకుంటూ తీరిక వేళల్లో రాసేవారే. 1979 జూన్ నాటి పత్రికల కట్ట కోసం నేనూ వచ్చే వారం గ్రంథాలయానికి వెళ్తున్నాను. మీరూ వస్తే ఆ కట్టలు దింపడానికి ఇంకో రెండు చేతులు ఉంటాయి, మీ మామగారిని కూడా తీసుకురండి.